తూటా తీర్పు కాదు

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో సైబరాబాద్ పోలీసులు నలుగురిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్లు అడవిలో తారసపడిన సాయుధులు కారు. ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో కోర్టు అనుమతితో జైలు నుంచి కస్టడీలోకి తెచ్చుకున్న రిమాండు ఖైదీలు. వాళ్లను ప్రాణాలతో తిరిగి కోర్టుకు అప్పజెప్పే బాధ్యత కాల్చినవాళ్లదే. తెల్లారేసరికి జనం తండోపతండాలుగా అక్కడికి చేరుకున్నారు. వంతెన మీది నుంచి పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు, టపాసులు కాల్చారు, పోలీసుల చేతులకు రాఖీలు కట్టారు. చదువుకున్నవాళ్లు, సినిమావాళ్లు, చట్టాలు చేసే పార్లమెంటు సభ్యులు ఆ సంబరంలో గొంతు కలిపారు. మూడు రోజుల తర్వాత ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అసెంబ్లీలో నిలబడి తెలంగాణ ముఖ్యమంత్రికీ పోలీసులకూ హ్యాట్సాఫ్ చెప్పారు.

ఆ చప్పట్ల మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఆ రోజు చనిపోయింది నలుగురు మాత్రమే కాదు. మన రెండు రాష్ట్రాల్లో నేరానికీ శిక్షకూ మధ్య ఉండాల్సిన విచారణ అనే దశను పట్టపగలు, అందరి ఆమోదంతో చంపేశారు. పోలీసు తుపాకీకి మనం కొట్టిన చప్పట్లు న్యాయానికి కొట్టినవి కావు. న్యాయం చెయ్యలేని వ్యవస్థకు 'ఇక నువ్వు మారక్కర్లేదు' అని మనం రాసిచ్చిన హామీపత్రం అది. ఈ మాట ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. నవంబర్ 27 రాత్రి తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఆ యువ పశువైద్యురాలికి జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచే ఘోరం. పంక్చరైన స్కూటీ, సాయం చేస్తామన్న మనుషులు, భయంగా ఉందని చెల్లెలికి చేసిన ఫోను, మర్నాడు వంతెన కింద కాలిన శరీరం. దేశానికి కోపం రావడం న్యాయం. ఆ కోపం రాకపోయి ఉంటే మనం మనుషులమే కాము. అందులో ఒక్క పాలు కూడా తగ్గించుకోమని నేను ఎవరినీ అడగను. ఆ కోపాన్ని ఎవరు ఎటు మళ్లించారన్నదే నా ప్రశ్న.

ఆ రాత్రి కూతురు కనబడటం లేదని స్టేషన్ మెట్లెక్కిన కుటుంబానికి ఎదురైన జవాబు, ఇది మా పరిధి కాదు, ఇంకో స్టేషన్‌కు వెళ్లండి అని. కూతురు ఎవరితోనైనా వెళ్లిపోయి ఉంటుందన్న మాటలు కూడా పడాల్సి వచ్చిందని ఆ కుటుంబం వాపోయింది. పరిధి ఏదైనా సరే, ఫిర్యాదు వస్తే ముందు ఎఫ్ఐఆర్ రాసి తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపాలని, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారని, నిర్భయ ఘటన తర్వాత 2013లోనే కేంద్రం రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఆరేళ్ల తర్వాత కూడా రాజధాని పక్కన, అంతర్జాతీయ విమానాశ్రయం పక్కన ఉన్న స్టేషన్లకు ఆ సంగతి పట్టలేదు. ఆలస్యం వల్లే ఆమె ప్రాణం పోయిందని నేను అనడం లేదు. బిడ్డ కోసం అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చిన తల్లిదండ్రులకు ఆ స్టేషన్లో దొరికింది ఏమిటని అడుగుతున్నాను. జనం ఒత్తిడి పెరిగాక ఒక ఎస్సై, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. నవంబర్ 30న షాద్‌నగర్ స్టేషన్ ముందు గుమిగూడిన జనం కోపం నిందితుల మీదే కాదు, పోలీసుల మీదా ఉంది. హైవే మీద గస్తీ ఏది, రాత్రంతా దారిపక్కన ఆగే లారీలను చూసేదెవరు, మద్యం ఎక్కడిది, ఎఫ్ఐఆర్ ఎందుకు ఆలస్యమైంది అని ప్రజలు గట్టిగా అడుగుతున్నారు.

వారం తిరక్కుండానే ఆ ప్రశ్నలన్నీ మాయమయ్యాయి. నిలదీసిన చేతులే పూలు చల్లాయి. ఎన్‌కౌంటర్ సాధించింది అది. పోలీసు శాఖను, దాని మీద కూర్చున్న ప్రభుత్వాన్ని బోనులోంచి దించి పల్లకి ఎక్కించింది.

ఇప్పుడు ఆ తెల్లవారుజాము గురించి. సీన్ రీకన్‌స్ట్రక్షన్ కోసం తీసుకెళితే నిందితులు తమ తుపాకులు లాక్కున్నారని, రాళ్లు కర్రలతో దాడి చేశారని, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన ముగ్గురు సభ్యుల కమిషన్ దాని మీద విచారణ జరిపింది. 2022 మే 20న నివేదిక బయటికొచ్చింది. ఆయుధాలు లాక్కున్నారన్న కథ నమ్మదగింది కాదని కమిషన్ తేల్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫార్సు చేసింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు ఘటన నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు.

ఈ మాటను మింగుడు పడేదాకా మళ్లీ మళ్లీ చదవాలి. నిందితుడి వయసు తేల్చడం నేర విచారణలో మొట్టమొదటి పని. బడి రిజిస్టరు తెప్పిస్తే తేలిపోతుంది. ఆ పని కూడా పూర్తికాకముందే వాళ్లు శవాలయ్యారు. వయసే సరిగ్గా తెలుసుకోని వ్యవస్థ, నేరంలో ఎవరి పాత్ర ఎంతో తెలుసుకున్నదని మనం ఎలా నమ్మాం? నలుగురూ ఒకే పని చేశారా? ఒకడు చేస్తుంటే ఇంకొకడు చూస్తూ నిలబడ్డాడా? ఈ ప్రశ్నలు అడిగేది నిందితుల మీద జాలితో కాదు. శిక్షకు లెక్క ఉండాలంటే అడిగి తీరాల్సినవి ఇవి.

వాళ్లే చేశారు కదా, ఇంకా విచారణెందుకు అంటారు. వాళ్లే చేశారని మనకు చెప్పిందెవరు? అరెస్టు చూపిన రోజే ప్రెస్‌మీట్ పెట్టి కథంతా చెప్పేసిన పోలీసులు. ఆ ఆధారాలు ఎంత గట్టివో ఒక్క లాయరూ పరీక్షించలేదు, ఒక్క జడ్జీ తూచలేదు. నేరం ఘోరమైనదైతే ఆధారాలు మరింత గట్టిగా ఉండాలి. మన దగ్గర తలకిందులుగా జరుగుతోంది. నేరం ఎంత ఘోరమైతే రుజువు అంత అనవసరం అనుకుంటున్నాం.

పోలీసులు పట్టుకున్నవాడే దోషి అన్న నమ్మకం ఎంత ప్రమాదకరమో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్ 27న హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని దారుణంగా హత్యకు గురైంది. రాష్ట్రమంతా భగ్గుమంది. 2008 ఆగస్టులో ఒక దళిత యువకుణ్ణి తెచ్చి ఇతనే హంతకుడు, నేరం ఒప్పుకున్నాడు అన్నారు. నరాల జబ్బుతో నడవడానికే కష్టపడే మనిషి. మా బిడ్డను చంపింది ఇతను కాదు, అసలువాళ్లను వదిలేస్తున్నారు అని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అన్యాయంగా పోయిన ఆ ఎనిమిదేళ్ల పైచిలుకు యవ్వనానికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. కింది కోర్టులో ఉండాల్సిన కేసు రికార్డులే ధ్వంసమయ్యాయని బయటపడింది. 2019 డిసెంబర్‌లో, చటాన్‌పల్లి కాల్పులు జరిగిన వారం రోజులకు, తెనాలి శ్మశానంలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ పోస్ట్‌మార్టం చేశారు.

ఆ వారంలో తెలుగు నేల మీద రెండు దృశ్యాలు పక్కపక్కనే నిలిచాయి. ఒకచోట పోలీసు మాటే తీర్పని నలుగురిని కాల్చినందుకు సంబరం. ఇంకోచోట పోలీసు మాటను తీర్పుగా నమ్మినందుకు పన్నెండేళ్ల తర్వాత తవ్వుకోవాల్సి వచ్చిన గోరీ. ఆ దళిత యువకుణ్ణి 2008లోనే కృష్ణా ఒడ్డుకు తీసుకెళ్లి కాల్చేసి ఉంటే ఏమయ్యేది? పూలు చల్లేవాళ్లం. అతను నిర్దోషి అన్న నిజం అతనితోపాటు మట్టిలో కలిసిపోయేది. అతన్ని బతికించింది మనం తిట్టిపోసే ఆ నత్తనడక కోర్టే.

బయట కూడా ఇంతే. 2017లో గురుగ్రామ్‌లో ఒక బడిలో ఏడేళ్ల పిల్లవాడి గొంతు కోశారు. ఆ రోజే బడి బస్సు కండక్టర్ దొరికాడు, నేరం ఒప్పుకున్నాడు, టీవీలో కూడా కనిపించాడు. అక్కడి లాయర్ల సంఘం అతని తరఫున వాదించేది లేదని తీర్మానించింది. రెండు నెలలకు సీబీఐ వచ్చి అదే బడిలో పదకొండో తరగతి చదివే కుర్రాణ్ణి అదుపులోకి తీసుకుంది. కండక్టర్‌కు ఆ హత్యతో సంబంధం లేదని తేలింది. కొట్టి, హింసించి ఒప్పించారని అతను చెప్పాడు. షాద్‌నగర్‌లోనూ లాయర్లు నిందితుల తరఫున నిలబడబోమన్నారు. ఇలాంటి తీర్మానాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. లాయరు నల్లకోటు వేసుకునేది అందరూ వెలివేసిన మనిషి పక్కన నిలబడటానికే. ఆ పని చేయనన్నవాడు ఆ కోటు విప్పేసి వెళ్లాలి.

హైదరాబాద్ మక్కా మసీదులో 2007 మే 18న బాంబు పేలింది. పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో ఎత్తుకెళ్లారు. కరెంటు షాకులు పెట్టారని, చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. కోర్టులో వాళ్ల మీద ఏదీ నిలబడలేదు. తర్వాత దర్యాప్తు పూర్తిగా వేరే దిక్కుకు తిరిగి కొత్త నిందితులను చూపింది. ఆ నిందితులను కూడా 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు నిర్దోషులుగా వదిలింది. మసీదులో ప్రార్థనకు వచ్చి చచ్చిపోయినవాళ్లను ఎవరూ చంపలేదన్నమాట. ఒక దర్యాప్తు అమాయకులను పట్టుకుంది, రెండో దర్యాప్తు ఎవరినీ నిరూపించలేకపోయింది. ఇదీ మన దర్యాప్తు సత్తా. ఈ సత్తా మీద భరోసా పెట్టుకుని మనం తుపాకీకి తీర్పు చెప్పే అధికారం ఇస్తున్నాం.

పోలీసు ముందు చెప్పిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. పరాయి పాలకులు, ప్రజలను అణచడానికే పోలీసు వ్యవస్థను కట్టినవాళ్లు కూడా లాకప్ గోడల మధ్య పుట్టిన మాటను నమ్మలేదు. 2024లో కొత్త చట్టాలు వచ్చినా ఆ నియమం చెక్కుచెదరలేదు. చట్టం నూటయాభై ఏళ్లుగా నమ్మనిదాన్ని మనం ప్రెస్‌మీట్ అయిన మరుక్షణం నమ్మేస్తున్నాం.

కోర్టులకు వదిలేస్తే ఇరవై ఏళ్లు పడుతుంది, అప్పటికి సాక్షులు చచ్చిపోతారు, దోషులు పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటారు అన్నది చప్పట్లు కొట్టినవాళ్ల వాదన. ఈ వాదనలో కోపం నిజం, బాధ నిజం. అయితే అదే నవంబర్ నెలలో, షాద్‌నగర్ ఘోరానికి మూడు రోజుల ముందు, ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఒక దళిత మహిళను ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. ఊరూరా తిరిగి చిన్నాచితకా సామాన్లు అమ్ముకుని బతికే మనిషి. ఆమె కోసం కొవ్వొత్తులు వెలగలేదు. టీవీలు చర్చలు పెట్టలేదు. ఆమెవాళ్లు, దళిత సంఘాలు రోడ్డెక్కి అరిస్తే ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు ఏర్పాటైంది. ఛార్జిషీటు వేశారు, సాక్షులు వచ్చి చెప్పారు, నిందితుల తరఫున లాయరు నిలబడ్డాడు. 2020 జనవరి 30న తీర్పు వచ్చింది. ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. ఉరిశిక్షకు నేను వ్యతిరేకిని, ఆ వాదన ఇంకోసారి చేస్తాను. ఇక్కడ నేను చూపిస్తున్నది వేరే సంగతి. నేరం జరిగిన రెండు నెలల చిల్లరలో సాక్ష్యాలతో, వాదనలతో తీర్పు వచ్చింది. 2019లోనే వరంగల్‌లో తొమ్మిది నెలల పసికందు కేసులో దాదాపు యాభై రోజుల్లోనే కింది కోర్టు తీర్పు చెప్పింది.

అంటే తలచుకుంటే చెయ్యగలరు. జడ్జిని వేసి, పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను పెట్టి, ఫోరెన్సిక్ రిపోర్టు టైముకి తెప్పించి, సాక్షికి ధైర్యం చెబితే కేసు నడుస్తుంది. మిగతా లక్షల కేసుల్లో ఆ పని చెయ్యరు, ఎందుకంటే చెయ్యమని మనం అడగడం లేదు. దేశంలో అత్యాచారం కేసుల్లో శిక్ష పడింది, ఎన్‌కౌంటర్ జరిగిన ఆ 2019లో విచారణ ముగిసినవాటిలో నూటికి 28 కూడా లేదు. పది లక్షల జనాభాకు యాభైమంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లో చెప్పింది. దాదాపు నలభై ఏళ్లయినా అందులో సగానికి చేరలేదు. జిల్లా కోర్టుల్లో నాలుగు కోట్లకు పైగా కేసులు మూలుగుతున్నాయి. దర్యాప్తు చేసే పోలీసును బందోబస్తు డ్యూటీల నుంచి వేరుచేయాలని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో ఆదేశించింది. నేటికీ పొద్దున మంత్రి కాన్వాయ్‌కి కాపలా కాసిన ఎస్సై సాయంత్రం వచ్చి హత్యకేసు డైరీ రాస్తున్నాడు. వీటికి డబ్బు కావాలి, ఓపిక కావాలి, పోలీసు మీద పట్టు వదులుకునే మనసు కావాలి. తూటా వీటన్నిటికన్నా చవక. అందుకే పాలకులకు తూటా ఇష్టం.

ఎన్‌కౌంటర్ జరిగిన వారానికే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ వైద్యురాలికి పెట్టిన మారుపేరు 'దిశ'తో బిల్లు పాస్ చేసింది. ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, ఇరవయ్యొక్క రోజుల్లో తీర్పు అంది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. నిజంగా వచ్చి ఉంటే ఇబ్రహీంపట్నం యువకుడిలాంటి వాళ్లకు ఇరవయ్యొక్క రోజుల్లోనే ఉరిశిక్ష పడేది. ఏడు రోజుల్లో డీఎన్‌ఏ రిపోర్టు ఇచ్చే ల్యాబులు కట్టకుండా ఏడు రోజుల్లో దర్యాప్తు ముగించమంటే, ముగిసేది నిందితుడి ఒళ్లు మాత్రమే. పరుగు వేరు, వేగం వేరు. జనానికి కావాల్సింది వేగం. పాలకులు ఇస్తున్నది పరుగు.

తూటా ఎవరిని వెతుక్కుంటుందో కూడా చూడండి. చటాన్‌పల్లిలో చనిపోయినవాళ్లు నారాయణపేట జిల్లా పల్లెల నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు, క్లీనర్లు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ ఇరవైమంది తమిళ కూలీలను కాల్చి చంపింది. దుంగలు కొని విదేశాలకు ఎగుమతి చేసే పెద్దమనుషుల్లో ఒక్కడికీ తూటా తగల్లేదు. అదే రోజు తెలంగాణలో ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలను పోలీసు వ్యానులోనే కాల్చి చంపారు. ఆయుధం లాక్కోబోయారన్నారు. శవాల చేతులకు బేడీలు వేసే ఉన్నాయి. ఆ ఫొటోలు అందరం చూశాం. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో యాసిడ్ దాడి నిందితులు ముగ్గురిని ఇలాగే ఆధారాలు చూపించడానికి తీసుకెళ్లి కాల్చారు. అప్పుడూ పూలదండలే. ఆ పూలు వాడిపోయాక ఆడపిల్లల మీద యాసిడ్ పడటం ఆగిందా? యాసిడ్ అమ్మకం మీద కట్టడి పెట్టడానికి 2013లో సుప్రీంకోర్టు పూనుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కారంచేడు గుర్తుతెచ్చుకోండి. 1985 జూలై 17న ఊరి భూస్వాములు దళితవాడ మీద పడి ఆరుగురిని నరికి చంపారు. సుప్రీంకోర్టు ఆఖరి మాట చెప్పడానికి 2008 దాకా పట్టింది. చుండూరు గుర్తుతెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను తరిమి తరిమి నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి ఆ ఊరి దళితులు ఎంత పోరాడారో ఈ తరానికి తెలియాలి. 2007లో ఇరవయ్యొక్కమందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎనిమిది హత్యలు, దోషి ఒక్కడూ లేడు. కోర్టుల ఆలస్యం మీద, వైఫల్యం మీద ఇంతకన్నా ఘాటైన నేరారోపణ నేను చెయ్యలేను. అయినా కారంచేడు, చుండూరు నిందితుల్లో ఒక్కరినైనా సీన్ రీకన్‌స్ట్రక్షన్ పేరుతో తెల్లవారుజామున పొలాలకు తీసుకెళ్లారా? తీసుకెళ్లలేదు. తీసుకెళ్లకూడదు కూడా. భూస్వామికి దక్కిన ఆ విచారణ హక్కు లారీ క్లీనర్‌కూ, కూలికీ, ముస్లిం కుర్రాడికీ ఎందుకు దక్కదని అడుగుతున్నాను. కులం, డబ్బు ఉన్నవాడికి కోర్టు, అవి లేనివాడికి తూటా అయితే దాన్ని న్యాయం అని పిలిచే హక్కు మనకు లేదు.

తూటా తగలని పేదవాడిని జైలు పట్టుకుంటుంది. 2022 చివరికి దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, నేరం రుజువు కానివాళ్లు. బెయిల్ వచ్చినా ష్యూరిటీ ఇచ్చే మనిషి లేక లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. పొలం పాసుపుస్తకం లేనివాడికి, ఉద్యోగి బంధువు లేనివాడికి జామీను ఎవరిస్తారు? పేదవాడి స్థోమతకు మించిన పూచీకత్తు అడగొద్దని 1978లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపితే వదిలేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 436ఎ సెక్షన్ చేర్చారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడికి మూడో వంతు చాలని కొత్త చట్టం అంటోంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. వాయిదాకు ఎస్కార్టు దొరకలేదని కోర్టుకే తీసుకెళ్లని ఖైదీకి ఆ కాగితం ఎవరు చదివి వినిపించాలి?

ఒకసారి చప్పట్లు విన్న చెయ్యి ఊరికే ఉండదు. 2021 జూన్‌లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ శవమై బయటికొచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైదరాబాద్ సైదాబాద్‌లో ఆరేళ్ల పాప హత్యకు గురైతే, నిందితుణ్ణి పట్టుకుని ఎన్‌కౌంటర్ చేస్తామని ఒక మంత్రి మైకుల ముందే చెప్పాడు. రెండు రోజులకు నిందితుడు రైలు పట్టాల మీద శవంగా దొరికాడు. 2023లో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలున్నాయని ఒక కూలీని పట్టుకొచ్చారు. అతను కాదని తేలాక వదిలేశారు. తనను పోలీసులు ఎలా కొట్టారో వీడియోలో చెప్పి, గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలికలు కలవడమే అతని నేరం. చటాన్‌పల్లిలో పూలు చల్లినవాళ్లు ఈ మూడు చావులనూ ఆ పూలతో కలిపి చూడాలి. చట్టాన్ని దాటిన చేతికి మనం ఒకసారి దండం పెడితే, ఆ చెయ్యి తర్వాత ఏ గుమ్మం తొక్కాలో మనల్ని అడగదు.

ఈ మాటలు చెప్పిన మొదటివాణ్ణి నేను కాను. ఎమర్జెన్సీలో గిరాయిపల్లి అడవిలో చెట్లకు కట్టి కాల్చారన్న విద్యార్థుల కోసం భార్గవ కమిషన్ ముందు పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ వాదించారు. ఎన్‌కౌంటర్ పేరుతో జరిగే ప్రతి చావుకూ లెక్క అడుగుతూ హక్కుల ఉద్యమ నాయకుడు బాలగోపాల్ ఊరూరా తిరిగారు. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే పోలీసుల మీద కేసు నమోదు చేసి తీరాలని, ఆత్మరక్షణ అన్నది వాళ్లు కోర్టులో రుజువు చేసుకోవాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిందంటే దాని వెనుక ఆ తరం పౌరహక్కుల పోరాటం ఉంది. 2014లో సుప్రీంకోర్టు దేశమంతటికీ పదహారు మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగువాళ్లు దేశానికి నేర్పిన పాఠాన్ని తెలుగువాళ్లమే మర్చిపోయి టపాసులు కాల్చాం.

చనిపోయిన ఆ యువ వైద్యురాలికి కూడా ఈ తూటా ద్రోహమే చేసింది. ఆమెకు ఏం జరిగిందో సాక్ష్యాలతో తేల్చి చెప్పిన తీర్పు ఒక్కటి లేదు, ఎప్పటికీ రాదు. నిందితులు లేని కేసు మూతపడుతుంది. ఆ రాత్రి ఏ నిమిషంలో ఎవరు తమ పని చేసి ఉంటే ఆమె బతికేదన్న ప్రశ్నకు కోర్టులో జవాబు చెప్పాల్సినవాళ్లు చెప్పకుండానే తప్పించుకున్నారు. ఆమెకు న్యాయం జరిగిందని మనకు మనం చెప్పుకున్నాం. ఆమె తర్వాత రోడ్డు మీద బండి ఆగిపోయిన ఆడపిల్లకు ఆ మాట వల్ల ఒరిగిందేమిటి?

అడగాల్సినవి అడుగుదాం. ఏ స్టేషన్‌కు వెళ్లినా, ఏ వేళ వెళ్లినా ఎఫ్ఐఆర్ రాయాలి. రాయనివాణ్ణి సస్పెండ్ చేసి మూణ్ణెల్లకు మళ్లీ తీసుకోవడం కాదు, కేసు పెట్టాలి. దర్యాప్తుకు ప్రత్యేకమైన సిబ్బందిని, ప్రతి జిల్లాకూ పనిచేసే ఫోరెన్సిక్ ల్యాబును ఇవ్వాలి. ఖాళీగా ఉన్న జడ్జీ పోస్టులు నింపాలి. పేద నిందితుడికి పేరుకు కాక, నిజంగా కేసు చదివి వాదించే లాయరు దొరకాలి. తప్పుడు కేసులో ఏళ్లు పోగొట్టుకున్నవాడికి పరిహారం హక్కుగా రావాలని లా కమిషన్ 2018లో చేసిన సిఫార్సు చట్టం కావాలి. లాకప్పులో, ఎన్‌కౌంటర్‌లో పోయిన ప్రతి ప్రాణానికీ ఎఫ్ఐఆర్, దానిపై పోలీసులతో సంబంధం లేని దర్యాప్తు ఉండాలి. ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి వీటి గురించి నిలదియ్యాలి. ఎన్‌కౌంటర్ చేయిస్తానన్నవాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపాలి.

సిర్పూర్కర్ కమిషన్ పేర్కొన్న ఆ పదిమంది పోలీసుల మీద విచారణ జరగాలి. వాళ్లను ఎవరూ కొట్టకూడదు. ఏ లాయర్ల సంఘమూ వాళ్ల కేసు తీసుకునేది లేదని తీర్మానం చేయకూడదు. సాక్షులను ప్రశ్నించే అవకాశం, తమ మాట చెప్పుకునే అవకాశం, నేరం రుజువయ్యేదాకా నిర్దోషులుగా పరిగణించే హక్కు వాళ్లకు పూర్తిగా ఉండాలి. ఆ నలుగురికీ అందకుండా చేసిన ప్రతి హక్కూ ఈ పదిమందికీ అందాలని నేను కోరుతున్నాను. తూటాను కాదని నేను కోరుకునే న్యాయం ఇదే. ఇది వాళ్లకు కావాలనుకుంటే, నిన్న చనిపోయినవాళ్లకూ రేపు పట్టుబడబోయేవాళ్లకూ కావాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు.